సీజర్ ఎడమ చెవి

మా చిన్నప్పుడు... పెంటపాడులో సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా పెదనాన్న ఒక కుక్క చెవి కోసం ప్రార్థన చేయించేవారు. నవ్వకండి... నిజంగానే.

"ప్రభువా, సీజర్ ఎడమ చెవి నిలబడేలా చెయ్యి" అనేవారు. చాప మీద కూర్చున్న పిల్లలం అందరం ఆమెన్ అనాలి.

పెదనాన్న తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు మెకానిక్కు. ఆ మిల్లు యజమాని డాబర్‌మ్యాన్‌కి ఏలూరు డాగ్ షోలో కప్పు వచ్చింది. దాన్ని చూసొచ్చిన రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదు. చివరికి ఎలాగో అలాంటి కుక్కపిల్లనే ఒకదాన్ని సంపాదించి, సంచిలో పెట్టుకుని తెచ్చారు. అదే సీజర్.

మా ఇంటికి వచ్చేసరికే వాడికి తోక లేదు... పుట్టిన కొద్దిరోజులకే కత్తిరించేశారట. మమ్మల్ని చూస్తే ఆ సంతోషం ఎలా చూపించాలో తెలియక నడుము నుంచి వెనకభాగమంతా ఊపేసేవాడు. ఆ ఊపుకి ఒక్కోసారి తూలి పడిపోయేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

చెవులు మాత్రం ఇంకా ఉన్నాయి. మెత్తగా, లేత తమలపాకుల్లా రెండు పక్కలా వేలాడుతూ... వసారాలో నులకమంచం మీద కూర్చుని నానమ్మ వాటిని వేళ్లతో నిమురుతుంటే వాడు అలాగే నిద్రపోయేవాడు.

"షోకి ఇవి పనికిరావమ్మా" అన్నారు పెదనాన్న. ఛాతీ లోతుగా ఉండాలి, నడుము సన్నగా ఉండాలి, చెవులు కొవ్వొత్తుల్లా నిటారుగా ఉండాలి... బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పేవారు.

"దేవుడు పెట్టిన చెవులు నీకు చాల్లేదేంట్రా?" అంది నానమ్మ.

"కాపలా కుక్కల చెవులు దొంగలు పట్టేసుకుంటారని పూర్వం కోసేవారంటమ్మా. ఇప్పుడదే అందం అయిపోయింది. జడ్జీలు అలాగే చూస్తారు."

"మనింట్లో దొంగలకి దొరికేదేముందిరా... నా బైబిలూ, మీ నాన్న ఫొటోనూ!"

పెద్దమ్మ కూడా గుమ్మంలోంచి మెల్లగా, "ఏవండీ, మరీ పసిదండీ" అంది. ఆయన వింటేగా...

చెవులు కోసే మనిషి తణుకు నుంచి వచ్చాడు. డాక్టరు కాదు, చెయ్యి తిరిగినవాడు అన్నారంతే. పిల్లల్ని పెరట్లోకి తోలేశారు. సీజర్ అరుపులు మాకు వినపడకూడదని నానమ్మ మా పక్కన కూర్చుని గొంతెత్తి కీర్తన అందుకుంది. అయినా వినిపించాయి... ఇప్పటికీ ఆ కీర్తన చర్చిలో పాడితే నేను బయటికి వచ్చేస్తాను.

తర్వాత చెవులకి పుల్లలు ఆనించి ప్లాస్టరు చుట్టారు. అది మార్చేటప్పుడల్లా వాడు మంచం కిందికి దూరేవాడు. కొన్నాళ్లకి కుడి చెవి నిలబడింది. ఎడమది కొస దగ్గర వంగిపోయింది. నిలబడకపోతే మళ్లీ కోయిస్తానన్నారు పెదనాన్న. మా ప్రార్థనలు అప్పుడు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం ప్రార్థన నానమ్మ వంతు వచ్చింది. "తండ్రీ... ఆ చెవి నిలబడితే నిలబడనియ్యి, వంగితే వంగనియ్యి. నా కొడుకు చేతిని మాత్రం ఆపు" అంది.

పెదనాన్న ఠక్కున కళ్లు తెరిచారు. నేనొక్కదాన్నే చిన్న గొంతుతో ఆమెన్ అన్నాను.

ఆయన ఆగలేదు. తణుకు మనిషి మళ్లీ వచ్చాడు. ఎడమ చెవి కూడా నిలబడింది.

ఏలూరులో షో రోజు పెదనాన్న చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకున్నారు. సీజర్ ఒళ్లు నిగనిగలాడుతోంది. మైదానంలో వాడి నడక చూసి పక్కవాళ్లు కూడా మెచ్చుకున్నారు. జడ్జి గారు దగ్గరికి వచ్చి తల వైపు చెయ్యి చాపారు... అంతే. సీజర్ నేలకి కరుచుకుపోయి, కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్నచోటే ఉచ్చ పోసేశాడు. అంత హింసపెట్టి నిలబెట్టిన రెండు చెవులూ తల వెనక్కి అణిగిపోయాయి.

"బాగా భయపడుతున్నాడండీ... తీసుకెళ్లిపోండి" అన్నారు జడ్జి గారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

మిల్లు వ్యానులో తిరిగి వస్తుంటే, భీమడోలు దాటాక పెదనాన్న వాడి తల నిమరబోయారు. వాడు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సీజర్ మా దగ్గర చాలా ఏళ్లు బతికాడు. ఎవరినీ కరిచి ఎరగడు. కానీ వాడి తల మీద మళ్లీ ఎవరం చెయ్యి వెయ్యలేకపోయాం... నానమ్మ కూడా. కింద నుంచి ఛాతీ నిమరడం అలవాటు చేసుకున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న తాడేపల్లిగూడెంలో పెదనాన్న కొడుకు ఇంటికి వెళ్లాను. నాకు తమ్ముడు. డాబర్‌మ్యాన్ పిల్లని తెచ్చాడు. తోక లేదు. చెవులు తమలపాకుల్లా వేలాడుతున్నాయి.

"డాక్టర్లు చెవులు కొయ్యనంటున్నారక్కా. వేరే మనిషి దొరికాడులే, ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నాడు. మన సీజర్ ఎంత ఠీవిగా ఉండేవాడో గుర్తుందా?"

తమ్ముడికి ఠీవి గుర్తుంది. చెవులు కోసిన రోజున వాడు ఉయ్యాల్లో ఉన్నాడు మరి. జరిగిందంతా చెప్పాను. "నువ్వు అన్నీ ఎక్కువ ఆలోచిస్తావక్కా" అని నవ్వేశాడు.

ఈలోగా ఆ కుక్కపిల్ల నా ఒళ్లోకి ఎక్కింది. పాత అలవాటు కొద్దీ ఛాతీ కింద చెయ్యి పెట్టాను. అదేమో తలని నా అరచేతిలోకి తోసి, ఇంకా నిమరమన్నట్టు అలాగే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఈ రోజు శనివారం. తమ్ముడికి రెండుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. అప్పట్లో ఇంట్లో ఎదురు చెప్పడానికి నానమ్మయినా ఉండేది... ఇప్పుడు నేనూ, ఈ ఫోనూ.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఒక్కసారి దాని తల మీద చెయ్యి వేసి చూడండి. ఏం చేసిందో కింద రాయండి... రేపు చర్చి వదలకముందే వెళ్లి మా తమ్ముడి చేత చదివిస్తాను.