స్టేబుల్‌కి రానిది ఎక్కించను

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ కొత్త వెర్షన్లన్నీ దాని తయారీదారుల రిపాజిటరీలో, అంటే ఆన్‌లైన్ గిడ్డంగిలో, ఉండేవి. అక్కణ్ణుంచి మాకు రెండు చానెళ్లలో వచ్చేవి. ఏదైనా ముందు టెస్టింగ్ చానెల్లోకి వస్తుంది. వాడి చూసినవాళ్లు తప్పులు చెబితే, అవి సరిదిద్దాకే స్టేబుల్ చానెల్‌కి చేరుతుంది. వెనక గదిలోని పాత కంప్యూటర్ ఒక్కదాన్నే టెస్టింగ్‌కి కలిపాను. రోగులకిచ్చే రిపోర్టులన్నీ స్టేబుల్ నుంచే.

ఫలక్‌నుమాలో రెండో ల్యాబు తెరవబోతూ మా యజమాని ఆ పాత కంప్యూటర్లో కొత్త రిపోర్టు నమూనా చూసి ముచ్చటపడ్డాడు.

"అన్ని కంప్యూటర్లల్ల గిదే ఎక్కియ్."

"ఇంకా టెస్టింగ్‌లనే ఉంది సార్. స్టేబుల్‌కి రాలే."

"సెట్టింగుల చానెల్ పేరు మారిస్తే అయిపాయె. గింతదానికి లొల్లి ఏంది?"

నిజమే, మార్చాల్సింది ఒక్క మాటే. అంత సులువు కాబట్టే ఎవరో ఒకరు అడ్డం నిలబడాలి.

"నేనైతే మార్చ సార్."

"నీకు జీతమిచ్చేది ఎవరు?"

"మీరే. గా రిపోర్టు పట్టుకొని దవాఖానకు పోయేటోళ్లు మాత్రం మీరు కాదు."

ఆయన తలుపు ధడేలున వేసి వెళ్లిపోయాడు. అంతా విన్న మా టెక్నీషియన్ భాయ్ లోపలికి వచ్చాడు.

"ఫికర్ చెయ్యకు బేటీ. పాత రిపోర్టులు గీ కొత్తదాంట్ల తీసి చూద్దాం పా."

పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తూ పోయాం. ఒకే పేరున్న ఇద్దరు ఆడవాళ్ల దగ్గర ఆగిపోయాం. కొత్తదాంట్లో మొదటామె షుగరు రెండో ఆమె కాగితం మీద అచ్చయింది.

"మన బస్తీల ఒక్కో పేరు ఇంటికొకరికి ఉంటది," అన్నాడు భాయ్.

పేర్లు చెరిపేసి ఆ తప్పును తయారీదారులకు పంపాను. సరిచేసిన వెర్షన్ వచ్చింది, అదీ టెస్టింగ్‌లోకే.

"ఇగ బాగైంది గదా, ఎక్కియ్," అన్నాడు యజమాని.

"సరిచేసింది గూడ మళ్ల మొదటి నుంచి చూడాలె సార్."

కొత్త ల్యాబు పాత నమూనాతోనే మొదలైంది. మిఠాయిలు పంచుతూ, "మా మేడమ్ ఎవ్వరి మాట వినది," అని యజమాని తన చుట్టాలకు నన్ను చూపించాడు. వాళ్లు నవ్వారు. నేను తల దించుకోలేదు. "అవును, వినను," అన్నాను.

ఆ తర్వాత సరిచేసిన వెర్షన్ స్టేబుల్‌కి వచ్చింది. ఆ పొద్దున ఎవరూ చెప్పకుండానే రెండు ల్యాబుల్లోనూ ఎక్కించేశాను.