కాలవ వంతెన చూసి కొన్న లారీ

భీమవరం వైపు పుట్టినవాడికి ఎత్తంటే కాలవ వంతెన, పల్లమంటే దాని అవతలి వైపు. ఆ తెలివితోనే నేను చేపల లోడ్లకు కొత్త లారీ కొన్నాను. వెనక ఇరుసులో తిరిగే పళ్ళ చక్రం, క్రౌన్, రెండు రకాల్లో వస్తుందన్నారు. ఒకటి బరువు లాగుతుంది. రెండోది చదును రోడ్డు మీద ఇంజన్ని తక్కువ తిప్పి డీజిల్ మిగులుస్తుంది.

"మొదటిదే తీసుకోండి. కొండ దిగేటప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుద్దండి," అన్నాడు నాకంటే పెద్దవాడైన మా డ్రైవరు.

"మనకి కొండలెక్కడున్నాయయ్యా?" అని రెండోదే రాయించాను. బండి నిజంగానే తక్కువ తాగింది. ఆ గొప్ప ఊరంతా చెప్పుకున్నాను.

మరుసటి ఏడు చెరువుల్లో చేప చచ్చింది. లారీ ఊరికే ఉండకూడదని మారేడుమిల్లి ఘాట్ అవతల నుంచి వెదురు లోడు ఒప్పుకుని, నేనూ వెంట వెళ్ళాను. తిరుగు దారిలో దిగుడు మొదలయ్యే చోట డ్రైవరు బండి ఆపాడు. చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు.

"మీరు దిగి బస్సులో రండి."

"ఏంటి, ఎందుకు?"

"ఇంజను పట్టదండి. ఇక బ్రేకులే. ఇద్దరెందుకండి."

వద్దు, లోడు దింపేద్దాం అనాల్సింది. నేను సంచీ తీసుకుని దిగాను. లారీ మొదటి మలుపు దాటగానే కింద నుంచి బ్రేకులు కాలే వాసన పైకొచ్చింది.

బస్సు కొండ దిగేసరికి లారీ రోడ్డు పక్కన నిలబడి ఉంది, చక్రాల్లోంచి పొగ వస్తోంది. అతను తాళాలు నా చేతిలో పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి చదునేనండి. మీరే తోలుకెళ్ళండి."