తెల్ల సాక్సులు

రువైస్ నుంచి అబుదాబి వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒడిలో కొత్త తెల్ల సాక్సుల జత ఉంది. గోదావరి యాస. ఎడారిలో ఎవరిదో తోటలో పనట. నా కాళ్ళకేసి రెండుసార్లు చూసి మాట కలిపింది.

"ఎండాకాలమంతా మా కఫీల్, అదే మా ఆసామీ గుడారం మూసే ఉంటాదండి. దాని కింద ఎడారి ఎలకలు బొరియలు తవ్వుతాయి. ఆటిమీద బతికే పేలలాంటి పురుగులు ఇసకలో గుడ్లెడతాయి. ఆటి పిల్లలు గూళ్ళు కట్టుకుని పడుంటాయి. చలి మొదలయ్యాక మనిషి అడుగు పడితే చాలు, ఒక్కసారే లేచి గెంతుతాయి."

"మందు కొట్టరా?"

"గూట్లో ఉన్నవాటికి మందెక్కదండి. ముందు ఒకరు తెల్ల సాక్సులేసుకుని లోపల తిరగాలి. అన్నీ లేచి కాళ్ళకి పట్టేత్తాయి, తెలుపు మీద నల్లగా కనపడతాయి. అప్పుడు మందు. పనోళ్ళలో ఎవరు కొత్తయితే ఆళ్ళే దిగాలని మాలో మేం పెట్టుకున్నాం. కరోనా తర్వాత కొత్తోళ్ళు రాక ఏటా నేనే. ఈ ఏడు ఖలాస్!"

"ఎవరొస్తున్నారు?"

"మా అమ్మాయండి. దాన్ని తేడానికే ఎయిర్‌పోర్టుకి."



"ఆ అమ్మాయి బదులు మీరే దిగొచ్చు కదా?"

"ఊరోళ్ళ పిల్లకో రూలు, నా పిల్లకో రూలా అండి?" అని నా వైపు వింతగా చూసింది. తర్వాత సాక్సులు నా చేతిలో పెట్టింది.

"దాన్ని చూసి ఏళ్ళయింది. పాదం ఎంతుందో తెలీదు. మీ ఈడే. ఓసారేసుకు చూత్తారా?"

వేసుకున్నాను. ఆవిడ వంగి, నా మడమ దగ్గర ముడత సరిచేసింది.