మంజూష కొలతలు

నా జిరాక్స్ షాపు పక్కనే అంబదాస్ అన్న టైలర్ షాపు. సిరిసిల్లలో మగ్గం వదిలి అమీర్‌పేటకు వచ్చి ముప్పై ఏళ్లు. కొలత తప్పడు, మాట తప్పడు. ఒక్కసారే తప్పాడు.

ఆయన కూతురు మంజూష మూడేళ్లకే జ్వరంతో పోయింది. పోయిందన్న మాట భార్య కొమురమ్మ నోట ఎన్నడూ రాలేదు. ఏటా పిల్ల పుట్టినరోజున షాపుకొచ్చి, గాలిలో చెయ్యి ఎత్తి పెట్టి, "గీ ఏడు గింత పొడుగైంది" అనేది. అన్న టేపు పట్టి, కొలతల పుస్తకంలో మంజూష పేరున్న పేజీలో రాసుకుని కుట్టేవాడు. గౌన్ల నుంచి చుడీదార్ల దాకా పదహారు జతలు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ మాట అనుకుని, పెట్టెలో దాచుకున్నారు. గోడ పక్కనున్న నాకు కూడా ఈ సంగతి ఒక సినిమా చూశాకే తెలిసింది.

ఆ సినిమా తీసినవాడు నరేశ్. ఎస్.ఆర్. నగర్‌లో రూము. ఆర్నెల్లు అన్న షాపులో కూర్చున్నాడు. "మన సినిమాలల్ల అంత వేషమే కాకా. నేను అసలు బతుకు తీస్త" అనేవాడు. నా బుద్ధి గడ్డి తిని నేనూ వాడికి చాయ్ తెప్పించాను. ఓ రోజు అన్న మనసు కరిగి ఆ పేజీ చూపించాడట.

"ఎవ్వరికీ చెప్పకు బిడ్డా."

"పేరు గీరు అన్నీ మారుస్త. ఫికర్ చెయ్యకు కాకా."

పంజాగుట్టలో మొదటి ఆటకు మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టాడు. తెర నిండా అదే పేజీ, అదే పేరు. హాలంతా ఏడ్చింది. కొమురమ్మ మాత్రం కదల్లేదు.

బయట అన్న వాడి చొక్కా పట్టుకున్నాడు. "పేరు మారుస్తనంటివి గదరా!"

"మారిస్తే అబద్ధమైతది కాకా. నా సినిమాల ఒక్క అబద్ధం చూపెట్టు."

అన్న చెయ్యి వదిలేశాడు. నిజమే, ఒక్కటీ లేదు. నమ్మించి గొంతు కోయడానికి అబద్ధమే కావాలా? నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆటోలో కొమురమ్మ ఒకటే అడిగింది. "గా ముచ్చట వానికి నువ్వే చెప్పినవా?"

అన్న తల దించుకున్నాడు.

మొన్న మంజూష పుట్టినరోజు. అన్న పొద్దున్నే బట్ట పరిచి, టేపు మెడలో వేసుకుని ఎదురుచూశాడు. కొమురమ్మ వచ్చింది కానీ చెయ్యి ఎత్తలేదు.

"జర కొలత చెప్పు" అన్నాడు అన్న.

"సచ్చిపోయిన పిల్లకు కొలతలేందయ్యా?" అంది.