సాంబ్రాణి పొగలో సముద్రపు చేప

మావారు పోయిన దిగులుతోనే ఆయన పెంచిన సముద్రపు చేప చచ్చిపోయిందని ములకలపల్లిలో మా చుట్టాలంతా చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. పదకొండో రోజు మా పెద్దాడబిడ్డ హాలంతా సాంబ్రాణి పొగ వేసింది.

“వదినా, అద్దాల తొట్టి దగ్గర వద్దు. గాలి పంపు ఆ పొగంతా నీళ్లలోకి గుంజుకుంటది” అన్నాను.

“నా తమ్ముడు పోయి నేనేడుస్తుంటే నీకు చేప రంధి ఏందే?”

వెళ్లి తొట్టి పక్కన నిలబడ్డాను. ఆ నీలిచారల చేప, ఆయన రోజూ మేత వేసే మూలకు వచ్చి, అద్దానికి మూతి ఆనించి, నోరు తెరుస్తూ మూస్తూ నన్నే చూసింది. సాయంత్రానికి పైకి తేలింది.

తొట్టి తీసేసి ఏడాదైంది. ఇప్పటికీ ఆ మూల ఊడుస్తుంటే నన్నెవరో చూస్తున్నట్టే ఉంటుంది. ప్రతి మాటకూ ఎదురు చెప్పే నేను, చేతికందే దూరంలో ఉన్న పంపు స్విచ్చి ఎందుకు ఆపలేదు?