నాగరాజు టీకి పోయినప్పుడల్లా

1982 ఎండాకాలం. ధర్మవరంలో మా వీధి బోరింగు దగ్గర బిందెలు తెల్లారకముందే బారు కట్టేవి. ఆ పొడిగాలికి పట్టుపోగు పుటుక్కుమని తెగేది. నాది పడుగులు అతికే పని. పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులు. మావాళ్లు వార్పు అంటారు. పాత వార్పు అయిపోవస్తే, దాని కొసలకు కొత్త వార్పు పోగుల్ని ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద రాసుకుని మెలేసి కలపాలి. మూడో తరగతితో ఇంట్లోవాళ్లు బడి మానిపించిన నాకు చేతికొచ్చిన విద్య అదొక్కటే. తెగిన పోగు ముక్కను కూడా నేను ఊడ్చి పారేయను, ఇప్పటికీ.

అట్లాంటి నన్ను ఆ ఏడు ఒక వార్పు కోయమని పిలిచారు. అతకడానికి కాదు, కోయడానికి. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వార్పు మా పక్కింటి నాగరాజు మగ్గం మీదిది. నాగరాజు చేయి మంచిదే, కాలే ఒకచోట నిలవదు. పని మధ్యలో లేచి టీ అంగడికి పోయేవాడు. పోతే టీ తాగి వెంటనే తిరిగొచ్చే మనిషి కాదు. వాన ఎందుకు రాలేదో, ఎవరి కోడి ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందో అన్నీ తేల్చి వచ్చేవాడు.

మా ఇంటికీ వాళ్లింటికీ గోడ ఒకటే. అంతకు కొన్నేళ్ల ముందు ఒక రోజు, అతను మా వాకిలి ముందు నుంచే టీకి పోతున్నాడు, గోడ అవతల మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది. దెబ్బ కుదురుగా లేదు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతోంది. పోయి చూస్తే అతని భార్య రుక్మిణి గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని ఉంది. మావన్నీ గుంత మగ్గాలు. ఆడవాళ్లం పోగును కండెలకు చుట్టాలి, పడుగులు అతకాలి. గుంతలోకి దిగేది మగవాళ్లేనని మా వీధి కట్టు.

"ఏం చేస్తాండావే?" అన్నాను.

"మగ్గం నిలబెట్టి పోతే గీత పడతాదక్కా. మా ఆయప్ప వచ్చేదాకా నాలుగు పోగులు వేస్తాండా."

నిజమే. నేత ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆగిన చోట బట్టలో సన్నటి అడ్డగీత పడుతుంది. నేతలో మునిగినవాళ్లకు తప్ప అది కంటికి దొరకదు.

"ఎవరికి కనపడతాదే ఆ గీత?"

"నాకు కనపడతాది."

"నీ మొగుడు చూస్తే?"

"చూడకేం? బట్ట పెరిగుంటాది కదా. ఏమీ అనడు." కిసుక్కున నవ్వింది. "దారిలో దుడ్లు దొరికితే ఎవరివని అడిగేవాడు యాడన్నా ఉంటాడాక్కా?"

"చాల్లే, పొయ్యి మీద సంగటి మాడతాంటాది, లెయ్."

"దించే వచ్చినా."

ఆ తర్వాత ఆమె చేయి కుదురుకోవడం నేను గోడ ఇవతల నుంచే విన్నాను. ఎవరూ నేర్పలేదు. జ్వరం వచ్చినా, ఇంట్లో చుట్టాలున్నా, అతను చెప్పులేసుకోగానే ఈమె గుంతలో దిగేది. పిడికెడంత నేసి లేచేది. దెబ్బ మెల్లగా సమమైంది. చివరికి అతను ఇంట్లో ఉన్నాడో, అంగట్లో ఉన్నాడో గోడ చెప్పలేని రోజు వచ్చింది.

వార్పు, జరీ ఇచ్చి నేయించుకునే సావుకారు ఒకాయన ఉండేవాడు. "నాగరాజు గుంతలోంచి లేవనే లేవడప్పా. ఆయప్ప చీరలో ఒక్క గీత చూపించండి" అని వీధంతా చాటేవాడు. నాగరాజు మీసం సవరించుకునేవాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. రుక్మిణేమో "పోనీలేక్కా" అనేది. ఆ మాటకు ఆమె మీదా కోపమే వచ్చేది నాకు.

ఆ ఎండాకాలంలో నాగరాజు బస్సు టాపు మీద నుంచి దిగబోయి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. మర్నాడు పొద్దున్నే సావుకారు వచ్చి నన్ను పిలిపించాడు.

"ఏమ్మా, ఈ వార్పు కోసియ్యి. ఇంకో మగ్గానికి అతుకుదువు."

ఆ కరువులో ఒకసారి వార్పు పోయిన మగ్గానికి మళ్లీ వార్పు రాదు. మగ్గం చెక్కలు అమ్ముకుని కూలికి బెంగళూరు పోయిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

"ఇంట్లో నేసే మనిషి ఉండాది సావుకారూ" అన్నాను.

"ఎవరు, ఆయమ్మా? కండెలు చుట్టే చేత్తో నేస్తే నా చీర గోనెపట్ట అయితాది."

నాగరాజు వైపు చూశాను. అరుగు మీద కూర్చుని తన కట్టు తానే చూసుకుంటున్నాడు.

"చెప్పప్పా! నోరు కూడా విరిగిందా ఏం?"

 సావుకారు నా చేతికి బ్లేడు ఇవ్వబోతున్నాడు. అప్పుడు లోపల మగ్గం ఆడింది. కుదురుగా, దెబ్బ వెనక దెబ్బ. సావుకారు చేయి అట్లే నిలబడిపోయింది. ఆ దెబ్బ ఆయనకు తెలుసు. నాగరాజు దెబ్బ అది. ఆ నాగరాజేమో కట్టు కట్టుకుని ఆయన ఎదురుగానే కూర్చున్నాడు.

ఆయన లోపలికి పోయాడు. వెనకే మేమూ పోయాం. రుక్మిణి ఆపలేదు, లేవలేదు. సావుకారు మగ్గానికి చుట్టి ఉన్న బట్ట విప్పించి, వెలుతురుకు పెట్టి, వేళ్లతో తడిమి చూశాడు.

"ఇందులో నీది ఏది, ఆయప్పది ఏది?"

"నాకే తెలీదు సావుకారూ. టీ అంగట్లో అడగండి, ఆయప్ప ఎంతసేపు కూర్చున్న్యాడో వాళ్లు చెబుతారు."

గడప దగ్గర నుంచి నాగరాజు గొణిగాడు. "సగం ఆమెదే."

"సగమా!" అని అరిచాను నేను.

సావుకారు బ్లేడు జేబులో పెట్టుకుని, "గీత పడిందంటే చూడండి మరి" అని పోయాడు. ఆ వార్పు ఆమే ముగించింది. దాని కొసకు కొత్త వార్పు నేనే అతికాను.

మా వీధి ఇప్పటికీ ఏమంటుందో తెలుసా? మొగుడి చేయి విరిగితే కష్టమొచ్చి నేర్చుకునిందంట, ఒక్కరోజులో మగ్గమెక్కిందంట. నా ముందు ఆ మాట అన్నవాళ్లను నేను ఊరికే పోనివ్వను. కష్టం ఆ పొద్దు ఒక సావుకారును, ఒక బ్లేడును వెంటేసుకుని వచ్చింది, అంతే. అది ఏమీ నేర్పలేదు. అది వచ్చేసరికి ఆమె నేర్చుకుని కూర్చుని ఉంది.