యాకోబు ఆమేన్ అనని ప్రార్థన

2022 ఎండాకాలం. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతంతో మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట అలవాటు చేయించడం నా పని. కదిరి దగ్గరి పల్లె నుంచి యాకోబు అనే అరవై ఏళ్ళ కూలీని తీసుకొచ్చారు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. నోట ఒకే ఒక్క మాట మిగిలింది. భార్య మరియమ్మ మంచం పక్కన ప్రార్థన ముగించగానే స్పష్టంగా "ఆమేన్" అనేవాడు.

మాట పోయినా కొందరికి అంకెలు, మంత్రాలు, తిట్లు నోట మిగులుతాయి. దాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం, అంటే అర్థంతో పని లేకుండా అలవాటుగా వచ్చే మాట. యాకోబుది అదేనని చూడగానే తేల్చేశాను. పదేళ్ళ అనుభవం ఉందన్న పొగరు మరి. మన మాట అర్థమవుతోందో లేదో చూద్దామని బొమ్మల కార్డులు పరిచి, "ఫోర్కు చూపించండి, పియానో చూపించండి" అని అడిగాను. వేరుశనగ చేలల్లో బతికిన మనిషి ఆ కార్డులు చూసి ముఖం తిప్పుకున్నాడు. అర్థం చేసుకునే శక్తి కూడా లేదని రాసిపారేశాను.

ఆ రిపోర్టు చదివించుకుని కొడుకు రాజు నా దగ్గరకొచ్చాడు.

"మా నాయనకు ఏమీ తెలియదంటే ఈడ పెట్టుకొని ఏం చేసేది మేడమ్? ఇంటికి పిల్చుకపోతాం. దేవుడు ఎప్పుడు తీసుకపోతే అప్పుడు."

కఠినుడేం కాదు, కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు. మొదటి నెలల్లో సాధన చేయకపోతే పోయిన మాట తిరిగి రావడం చాలా కష్టమని తెలిసి కూడా నేను సరేనన్నాను, డాక్టర్లూ ఒప్పుకున్నారు.

వెళ్ళేరోజు ఉదయం వాళ్ళ ఊరి పాస్టరు వచ్చాడు. నేను కాగితాలు పట్టుకుని గుమ్మంలో ఆగాను. "ప్రభువా, నీ బిడ్డను ఈ బాధలోంచి విడిపించి నీ దగ్గరికి చేర్చుకో" అని ఆయన ప్రార్థన ముగించాడు. అందరూ ఆమేన్ అన్నారు. యాకోబు అనలేదు. పెదాలు బిగించి పాస్టరునే చూస్తున్నాడు.

"అయ్యగారూ, ఆయన అనలే" అంది మరియమ్మ.

"అలసిపోయింటాడులేమ్మా."

"అలుపు కాదు. ఆ మాటకు ఆయన ఒప్పుకోలే. మన మందిరంలో గూడా నచ్చని ప్రార్థనకు నోరు మూసుకొనే కూర్చుంటాండె."

పాస్టరు వంగి యాకోబు ముఖంలోకి చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. "అది హెబ్రీ మాట మేడమ్. నిజమే, అట్లే కానీ అని అర్థం. బైబిల్లో చానా చోట్ల అది వినేవాళ్ళ మాట. ఒకరు చెప్తే జనమంతా ఆమేన్ అని దానికి కట్టుబడతారు. అర్థం కానివాడు ఆమేన్ ఎట్లంటాడని ఆడనే ఒకచోట రాసుండాది."

నా ఫోర్కు, పియానో కార్డులు గుర్తొచ్చి సిగ్గేసింది. "అయితే పరీక్షగా ఒక తప్పుడు ప్రార్థన చేయండి, చూద్దాం" అన్నాను.

"ప్రార్థనలో అబద్ధం చెప్పలేను మేడమ్" అన్నాడాయన.

రాజు ఇదంతా విని మంచం పక్కన మోకరించాడు. "ప్రభువా, మా నాయనను ఇంటికి పిల్చుకపోయి పండబెడతాం" అన్నాడు. యాకోబు ఉలకలేదు, పలకలేదు. "ఈడనే పెట్టి మాట నేర్పిస్తాం" అన్నాడు రాజు మళ్ళీ.

"ఆమేన్."

వరస మార్చి ఇంకో రెండుసార్లు అడిగించాను. జవాబు మారలేదు. రాజు తండ్రి ఎడమచేతిలో ముఖం పెట్టుకుని బావురుమన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

డిశ్చార్జి ఆపించి, నేను రాసింది కొట్టేశాను. కావాలంటే ఆమేన్, వద్దంటే మౌనం, అలా నీళ్ళు కావాలా, దిండు కావాలా అని అడగడంతో మొదలుపెట్టాం. మూడు నెలలకు "మరీ" అని భార్యను పిలిచాడు.

ఇప్పుడు ఎవరి గురించైనా అర్థం చేసుకునే శక్తి లేదని రాసే ముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, ఈయన ఎలాంటి మనిషి, దేనికి ఒప్పుకునేవాడు కాదు అని అడుగుతాను. ఆ రోజు నేను రాసిన కాగితానికి కొడుకూ, పాస్టరూ, డాక్టర్లూ అందరూ తలూపారు. ఒప్పుకోనివాడు యాకోబు ఒక్కడే.